హీటర్ కట్టేసిన చరణం

పుంతా అరేనాస్‌లో గాలికి సెలవు లేదు.
అందుకే మా స్టూడియో ఒక బట్టల బీరువా.
రెండు ఉన్ని దుప్పట్లు, ఒక పాత పరుపు,
మధ్యలో యాస్నా నిలబడితే
మోచెయ్యి కదపడానికి చోటుండదు.

పన్నెండేళ్లుగా పీతల ఫ్యాక్టరీలో
మరిగే తొట్ల పక్కన పనిచేస్తున్న మనిషి.
ఆమె గొంతుకి రెండే ఎత్తులు తెలుసు:
యంత్రాల మీదుగా అవతలికి విసిరేది,
లాకర్ల గదిలో చెవికి మాత్రమే చెప్పేది.
నడుమ మెట్లు లేవు.
మొదటి చరణం గుసగుస.
మూడోదాంట్లో వాళ్ళ నాన్న పడవని పేరు పెట్టి పిలుస్తుంది,
తెర మీద ఎర్రదీపం వెలుగుతుంది.

కంప్రెసర్ అంటే నాకు తెలిసింది శీతల గదిదే,
రాత్రి డ్యూటీలో దాని మీటర్లు చూసేవాణ్ణి.
అది వేడిని పిండి బయట పారబోస్తుంది.
పాటని పిండేది ఇంకోటుందని
నలభై మూడో ఏట తెలిసింది.

దీనికో గడప ఉంటుంది.
గడప లోపల ఎంతసేపు తిరిగినా ఏమీ అనదు.
దాటావా, భుజం మీద చెయ్యి పడుతుంది.
ఇక నాలుగడుగులేస్తే ఒక్కటే లెక్క.
ఆ చెయ్యి ఎంత త్వరగా పడాలో, ఎంతసేపటికి లేవాలో
నా వేళ్ళ కింద బొత్తాలు చెబుతాయి.
తర్వాత లిమిటర్. దానికి భుజాలతో పనిలేదు,
అది పైకప్పు. తగిలితే తలే వంగాలి.

మొహమాటం లేకుండా తిప్పాను.
కొండలూ లోయలూ ఉన్న గీత
రాత్రి రెండింటికల్లా ఇటుకైంది.
నా కళ్ళకి ఎంత బలంగా కనిపించిందో!

ఒస్వాల్దో షేర్ టాక్సీలో వేసి విన్నాం.
"అచ్చం రేడియోలో వచ్చినట్టే" అని
స్టీరింగ్ మీద దరువేశాడు.
యాస్నా కిటికీలోంచి బయటికే చూస్తోంది.
అంతా అయ్యాక అడిగింది:
"రొసమేల్, నాకు కోపం ఎక్కడొచ్చింది?"

వేలు పెట్టి చూపలేకపోయాను.
మొదటినుంచీ చివరిదాకా ఒకే ఎత్తు కోపం.
గుసగుసలో పీల్చిన ఊపిరి
ఇప్పుడు మాటంత పొడుగుంది.
వెనకాల మా కెటిల్, రేకుల మీద గాలి,
బీరువా బయట నేను దగ్గు మింగిన చప్పుడు,
చిన్నవన్నీ పెద్దవాళ్ళ భుజాలెక్కి కూర్చున్నాయి.

నడిచి వస్తుంటే మలుపులో గాలి కొట్టింది.
ఇలాంటి రోజుల్లో మా ఊళ్ళో
వీధి మూలల్లో తాళ్ళు కడతారు.
తాడు గాలిని ఆపదు.
నిన్ను వంగినంత వంగనిస్తుంది,
బస్సు కిందికి మాత్రం పోనివ్వదు.
మంచు పట్టిన ఆ తాడు పట్టుకుని
అవసరానికి మించే నిలబడ్డాను.

ఆ రాత్రి గడప ఎత్తు పెంచాను.
నాలుగుకి ఒకటి పోయి రెండుకి ఒకటి.
చెయ్యి కాస్త ఆలస్యంగా పడేలా పెట్టాను,
పడవ పేరులో మొదటి హల్లు
పళ్ళకి తగిలి చిట్లేదాకా ఆగనీ అని.
ఆ పైన బొత్తాలు వదిలేసి
మెల్లని మాటల్ని చేత్తోనే ఎత్తాను ఒక్కొక్కటీ,
పీత కాల్లోంచి కండ చెదరకుండా లాగినట్టు.
లిమిటర్ తీసెయ్యలేదు, అంత ధైర్యం లేదు.
పడవ పేరు దగ్గర ఒక్కసారి
సూది ఉలిక్కిపడుతుంది. అది ఉంచాను.

యాస్నా విని, ఏమీ అనకుండా షిఫ్టుకెళ్ళింది.
ఒస్వాల్దోకి నచ్చలేదు.
"మొదటి చరణం హీటర్ చప్పుడులో కొట్టుకుపోతోంది. పెంచు."
పెంచనన్నాను.
వారం రోజులు అతని బండి ఎక్కలేదు.

జూలైలో ఒక సాయంత్రం ఇంకేదీ దొరక్క ఎక్కాను.
ముందు సీట్లో ఎవరో ముసలాయన,
నా పక్కన స్కూలు పిల్ల, బయట మైనస్ నాలుగు.
యాస్నా గొంతు మొదలైంది.
ఒస్వాల్దో అద్దంలో నా వైపు చూడకుండా
హీటర్ కట్టేశాడు.

నలుగురి ఊపిరీ అద్దాల మీద పొగైంది.
ముసలాయన మఫ్లర్ చెవి మీంచి తప్పించాడు.
"చలేస్తోంది" అంది పిల్ల.
"ఒక్క చరణమేనమ్మా" అన్నాడతను.