తలకట్టు కాడ

ప్రకాశం బజార్ల స్టీలు సామాన్ల దుకాణం,
వెనుక గదిల పొద్దటి సంది
ఒకటే మూల గీస్తున్న.

మిషన్ల రెండు అద్దాలు, గోరంతయి.
ఒకటి అడ్డం తిప్పుతది, ఒకటి నిలువు.
కంప్యూటర్ పొమ్మన్నప్పుడు పోవు.
పోయినయిలే అని అది అనుకున్నంక
రవ్వంత ఆలస్యంగ పోతయి.
ఆ రవ్వంత కాడనే నా తిప్పలు.

మలుపుల ఆపకుంటే
గడియారం సెంటర్ల ఆటో లెక్క
మూల కోసుకొని ఉరుకుతది,
కోణం కొడవలయితది.
ఎక్కువ ఆపితే
అద్దం నిలబడ్డ కాడనే నిప్పు నిలబడి
నల్లటి చుక్క, ఊదుబత్తి అంటినట్టు.

నూట ఇరవై మైక్రోసెకన్లు: కొడవలి.
మూడు వందలు: చుక్క.
రెండు వందల పది... ఇగ అయిందనుకునేలోపు
గీత కొసకు తోక లేచింది.
అది వేరే గడి, లేజర్ ఆర్పే గడి,
దాని సంగతి తిన్నంక సూస్త.

సల్కునూరు మహిళా సంఘం పళ్ళాలు, తొంభై నాలుగు.
దావతులల్ల మారిపోతున్నయని పేర్లు కొట్టియ్యమన్నరు.
మన అక్షరాలు మంచియే నిజానికి.
సున్న, ఠ, బ, అన్నీ ఒంపులే,
కట్ట మీద సైకిలు లెక్క సాఫీగ పోతయి.
తలకట్టు కాడ దొరికిపోతయి.
దిగి, టక్కున ఎక్కాలె.
ఆ టక్కు దొరుకుతలేదు.

బయట మెట్టు మీద ఖాసీం సాబ్
ఇంకా ఉలితోనే కొడ్తడు, పేరుకు పది రూపాయలు.
టక టక టక టక
...
టక టక.
ఆ నడుమ ఖాళీ విన్న.
మల్ల విన్న. ప్రతి తలకట్టుకు అంతే ఖాళీ,
ఎక్కువ లేదు, తక్కువ లేదు.
ఎంత ఆపుతవ్ సాబ్ అని అడిగిన.
"నేనేడ ఆపుతున్న?" అన్నడు,
చాయ్ తెమ్మన్నడు, చక్కెర తక్కువ.

చాయ్ చల్లారింది.
రెండు వందల ముప్పై ఐదు.
తునక మూత నిండ
కింద అక్షరాల్లేని తలకట్లు,
వందకు పైన, వరుసగ.
ఆఖరుది మటుకు గడ్డిపోచ కొస లెక్క.

పళ్ళాల లెక్క సూస్కోను వచ్చిన సైదమ్మ
ఆ మూత ఎత్తి వెలుగుకు తిప్పింది.
"గీ పిట్ట కాళ్ళది మంచిగుంది,
ఎంతకిస్తవ్?"