కార్డు ఇంటిపేరు

సూళ్లూరుపేట లోకల్ దిగి, ఆటో వద్దనుకుని
నడిచే వచ్చాను రిచీ స్ట్రీట్‌కి.
పాతిక కేజీల బియ్యం సంచిలో సీపీయూ,
అడుగడుక్కీ మోకాలికి కొట్టుకుంటూ.
జేబులో చెంగల్రాయులన్న ఇచ్చిన ఏడు వేలు,
రబ్బరు బ్యాండు చుట్టి.

"ఆపిల్ కొనే మొహాలా మనవి?
ఉన్న డబ్బానే ఆపిల్ అనుకునేలా చెయ్" అన్నాడు.
చేశాను.
మూడు రాత్రులు, ఒక పెన్‌డ్రైవు, లెక్కలేనన్ని రీస్టార్టులు.
ఇంకో ఒంటి కోసం పుట్టిన ప్రాణం
మా నల్ల డబ్బాలో పరకాయ ప్రవేశం చేసింది.
లేచింది, కూర్చుంది, కళ్లు మాత్రం తెరవలేదు.
పెళ్లి వీడియోలో తలంబ్రాలు గాల్లోనే ఆగిపోయేవి.
ఒక్కో గింజ కింద పడేలోగా
నేను వెళ్లి టీ తాగి రావచ్చు.

కళ్లు కొనాలి. ఏడు వేలలో.

మీరాన్ భాయ్ కొట్టు మెట్ల కింద.
నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే మోకాళ్లు.
"పచ్చ పెట్టె తీస్కో మేడమ్, గేములు పరిగెడతాయి."
గేములు కాదు భాయ్, పెళ్లిళ్లు పరిగెత్తాలి.
పచ్చ పెట్టెకీ ఆపిల్‌కీ ఏనాడో మాటల్లేవు,
ఎదురుపడినా పలకరించుకోవు.
ఎర్ర పెట్టె తియ్యి.

తీశాడు. ఐదు వందల యాభై, కొత్తది,
ధర నా జేబుకి కొలతలు తీసి కుట్టినట్టుంది.
అక్కడే ఆగాను.
ఆ ఒక్క పేరు మీద రెండు చిప్పులున్నాయి:
బాఫిన్ వాళ్లొకరు, లెక్సా వాళ్లొకరు.
పెట్టె మీద అదే అంకె, అదే బొమ్మ.
నా సిస్టం మాత్రం గుమ్మంలో నిలబెట్టి
ఇంటిపేరు అడుగుతుంది.
లెక్సా అంటే తలుపేస్తుంది.

కోడంబాక్కంలో గది వెతికినప్పుడు
ఓనరమ్మ కూడా ఇంటిపేరే అడిగింది.
ఆమెకి కావలసింది ఇంటిపేరు కాదు, దాని వెనకున్నది.
ఆ గది దొరకలేదు, ఆ ఉద్యోగమూ నిలవలేదు.

"లోపల ఎవరున్నారో చెప్పగలవా భాయ్?"
"సీలు విప్పితే నీదే."
విప్పకపోతే తెలియదు.

అప్పుడు అట్టడుగు అరలోంచి ఇంకోటి తీశాడు,
తమిళ పేపర్లో చుట్టి.
ఐదు వందల డెబ్భై. పాతది.
ఎక్కడ పనిచేసిందంటే దాచలేదు.
"అంబత్తూరులో షెడ్డు. రెండేళ్లు.
రాత్రీ పగలూ కాయిన్లు తవ్వింది."
వాసన చూశాను: ఇస్త్రీ బండి దగ్గర వాసన.
ఒక ఫ్యాను కీచుమంటోంది.
ఎవరికో నాణేలు తవ్విపెడుతూ
తను ఒక్క బొమ్మా గియ్యకుండా
రెండేళ్లు ఒళ్లు కాల్చుకున్న కార్డు.

మా పవర్ సప్లై దీన్ని మోస్తుందా అని
రైలు టికెట్టు వెనకాల లెక్కేశాను. బొటాబొటి.
ఏడున్నర అన్నాడు. ఆరన్నాను.
టీ వచ్చింది.
ఆరు వేల ఎనిమిది వందలు, టీ డబ్బులు ఆయనవి.
"ముందిక్కడే పెట్టి చూపించు."

సంచిలోంచి డబ్బా తీసి మూత విప్పాం.
తెల్ల ఆపిల్. కింద గీత సగం దాకా వచ్చి ఆగింది.
పక్క కొట్టు ఇళంగో కూడా వచ్చి నిలబడ్డాడు.
ఎవరం మాట్లాడలేదు, ఫ్యాను తప్ప.
గీత కదిలింది.

ఎలా తెలుస్తుందంటే,
స్క్రీను అడుగున ఒక పట్టీ ఉంటుంది.
కార్డుని ఒప్పుకోకపోతే అది బూడిద రంగులో మొద్దుగా పడుంటుంది.
ఒప్పుకుంటే గాజవుతుంది,
వెనకున్న కొండలు దానిలోంచి మసగ్గా కనిపిస్తాయి.

కనిపించాయి.

"అంతేనా?" అన్నాడు ఇళంగో, తమిళంలో.
అంతే.

బిల్లు మీద భాయ్ రాశాడు:
చూసి తీసుకున్నారు, వాపసు లేదు.

ఐదింటి లోకల్ వెళ్లిపోయింది.
సెంట్రల్లో బెంచీ మీద, ఒళ్లో సంచి,
ఇంకా కొంచెం వెచ్చగా.
రేపు దీనికి ముందు ఏది చూపించాలో ఆలోచిస్తున్నాను.
నాయుడుపేట పెళ్లి, నాలుగో క్లిప్పు.
పెళ్లికూతురి చేతులు పైకి లేచి ఉన్నాయి.
బియ్యం ఇంకా గాల్లోనే ఉంది.