సున్నం గీతలు

కోచ్ స్టోబర్ గెలుపోటముల లెక్క
పేపరు వాళ్లని అడగండి.
నాకు తెలిసింది మురికి బట్టల మూట.

ముప్పై ఒక్కేళ్లు ఆ కాలేజీ జెర్సీలు ఉతికాను.
అయోవా మట్టి నల్లగా, జిడ్డుగా,
ఓ పట్టాన వదలదు.
గెలిచిన శనివారం మరక మోకాళ్ల మీద,
ఓడితే వీపుల మీద.
స్కోరు ఎవర్నీ అడగక్కర్లేదు.

ఆయన అరిస్తే
మొక్కజొన్న చేల అవతల కుక్కలు మొరిగేవి.
కొలారిక్ కుర్రాడి మెడ విరిగిన రోజు మాత్రం
గొంతు పెగల్లేదు.
అంబులెన్సులో కత్తెరేసిన జెర్సీ
రెండు ముక్కలూ తెచ్చి నా బల్ల మీద పెట్టి
"ఉతుకు" అన్నాడు.
ఉతికాను. కుట్టమన్నాడు. కుట్టాను.
కుర్రాడు బతికాడు,
సీడర్ రాపిడ్స్‌లో చక్రాల కుర్చీలోంచే
ఇన్సూరెన్సు అమ్ముతాడు.
ఆ నంబరు మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.
ఎవరూ అడగనూ లేదు,
చిన్న కాలేజీ, నంబర్లకి కరువా!

నిరుడు నవంబరులో ఆయన్ని పొమ్మన్నారు.
వరసగా తొమ్మిది ఓటములు.
అట్టపెట్టెలో ఈల, రెండు టోపీలు, బీపీ మాత్రలు.
కొత్తాయనకి డ్రోన్ ఉంది.

మొన్న శుక్రవారం పొద్దుగూకాక
తాళం వేస్తూ చూశాను:
సున్నం బండి తోసుకుంటూ
గజాల గీతలు గీస్తున్నాడు, ఎవరూ పిలవకుండానే.
నలభై దగ్గర ఆగాడు.
వంకర పోయిందని బూటుతో చెరిపి
మళ్లీ గీశాడు.

మైదానం దీపాలు ఆర్పాల్సింది నేనే.
ఇంకా అరవై గజాలున్నాయి.
సంచీ కింద పెట్టి కూర్చున్నాను.