వామింట గింజలు

భాకరాపేట ఘాటు దిగాక
రోడ్డు వారన పీకిన రెండు వామింటలు.
పసుపు పూలే రెండూ, జిగురాకులే రెండూ.
ఒకటే జాతి పొమ్మన్నాడు మా గైడు.
లేబులు మీద పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి
పాత పేపర్ల మధ్య నొక్కిపెట్టాను.

నాలుగు నెలలకు పసుపు వెలిసింది.
మాట మీద నిలబడే అలవాటు
పువ్వుకు లేదు.

తిరుపతి ఎండ కిటికీ దిగిన సాయంత్రం
మడతలోంచి గింజలు రాలాయి,
ఆవాల కంటే చిన్నవి.
మైక్రోస్కోపు కింద
ఒకదాని వీపంతా నాగేటి చాళ్లు,
వాన కోసం దున్ని వదిలేసిన మెట్టచేను.
ఇంకోదాని మీద
సన్నటి వల, అక్కడక్కడా తెగి.

ల్యాబు ఊడ్చే మొగిలమ్మ
అరచేతిలో పోసుకుని బొటనవేలితో రుద్దింది.
కళ్లు మాత్రం కిటికీ బయటే.
"ఇది గరుకు సారూ, ఇది గాదు.
మాయమ్మ ఆవాలు లేనప్పుడు
తిరగమోతకు ఈ గరుకుదే ఏస్తా వుండె.
రెండోది కోళ్లకు గూడా ఎయ్యదు."

ప్రశ్నార్థకం చెరిపాను.
కాగితం మీద దాని గాటు మిగిలింది.

ఆమె గోటి సందులో ఇరుక్కుని
ఒక గింజ బస్సెక్కి వెళ్లిపోయినట్టుంది.
పట్టికలో ఇరవైకి
పంతొమ్మిదే రాశాను.