గురక, నలభై మూడు నిమిషాలు

డండీలో జూన్ వచ్చినా కిటికీ మూసే ఉంది.
టే నది మీద పొగమంచు
వంతెనను సగం దాకా తినేసి ఆగింది.

నా పాత లాప్‌టాప్ తెర కూడా అంతే.
కింద ఎడమ మూల సిరా ఒలికినట్టు నలుపు,
మిగతా చోట నిలువు గీతలు,
ఎవరో చీర పోగులు లాగి వదిలేసినట్టు.
పగలగొట్టింది నేనే.
సోఫా మీద పెట్టి, మరిచిపోయి, కూర్చున్నాను.
ఆరేళ్లయింది. అప్పట్నుంచి ఇస్త్రీ బల్ల వెనక నిలబడి ఉంది.
తప్పు నాది, గోడకుర్చీ దానిది.

ఇప్పుడు అవసరం పడింది.
పదేళ్లుగా ఈ నేల మీదే ఉన్నానని
కాగితాల్లో చూపించమంటున్నారు.
జీతం చీటీలు, గ్యాసు బిల్లులు,
ఏ తారీఖున వెళ్లాను, ఏ తారీఖున తిరిగొచ్చాను.
మొదటి నాలుగేళ్లూ దీని కడుపులో ఉన్నాయి.

రిపేరు కొట్టులో ఫెర్గస్ అనే కుర్రాడు
అటూ ఇటూ తిప్పి, మూతి విరిచి,
"తెర మార్చే ఖర్చుకి ఇంకోటి వస్తుంది" అన్నాడు.
మళ్లీ ఏమనుకున్నాడో, డబ్బాలో కెలికి ఒక కేబుల్ తీసి
"టీవీకి కలుపు. చూపు పోయింది గానీ ప్రాణం పోలేదు" అన్నాడు.

కలిపాను.
ఫ్యాను మూలిగింది. టీవీ నీలంగా చూస్తూ కూర్చుంది.
పాస్‌వర్డ్ అడుగుతోందని తెలుసు,
ఎక్కడ అడుగుతోందో కనపడదు.
అదేమిటో గుర్తూ లేదు.
కళ్లు మూసుకున్నాను, ఎలాగూ చూసేదేం లేదు కదా.
వేళ్లు వాటంతట అవే కదిలాయి.
జడ అల్లుకునేటప్పుడు చూస్తామా?
పదకొండు అక్షరాలో, పన్నెండో.
ఏం కొట్టానో ఇప్పటికీ చెప్పలేను.
వేళ్లు నాకు చెప్పలేదు.

టీవీ మీద ఒక కొండ తెరుచుకుంది. ఖాళీ కొండ.
ఫోల్డర్లన్నీ పగిలిన వైపే ఉండిపోయాయి.
బాణం గుర్తు అటు వెళ్లిందా, మునిగిందే.
నూతిలోకి పాతాళగరిగె వేసినట్టు
తడిమి, తగిలినదల్లా పట్టి
ఇవతలికి లాగాను.

వచ్చాయి.
రొట్టెల ఫ్యాక్టరీ జీతం చీటీలు, గంటకి ఆరున్నర పౌండ్లు.
కొత్త ఫోల్డర్ అనే పేరుతో పద్నాలుగు పాత ఫోల్డర్లు.
ఎవరిదో మోచేతి ఎక్స్‌రే.
తర్వాత ఒక ఆడియో, పేరు సాక్ష్యం,
ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు తప్పులతో.

నొక్కాను.
ముందు బాయిలర్. దూరంగా వంతెన మీద రైలు.
ఆ తర్వాత, గోడ అవతల నుంచి,
మిసెస్ గెడ్డిస్ గురక.
ఇంటి ఓనరు. "గురకా? నేనా?" అని
పొద్దున్నే టీ కప్పు మీదుగా కళ్లెర్రజేసేది.
ఒకరోజు వినిపించి నోరు మూయిద్దామని పట్టాను.
వినిపించలేదు. అద్దె బాకీ ఉన్నట్టుంది.

మధ్యలో ఒక పిల్ల గొంతు, గుసగుసగా:
"ఓలమ్మ! ఇది గురకేటి, మరబోటేటి!"

ఆపాను. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను.
ఎవరే నువ్వు?
గదిలో ఎవరూ లేరు గదా, ఎవరికి చెప్తున్నావు?
భావనపాడు నుంచి ఇంత దూరం మోసుకొచ్చిన ఆ "ఏటి"
నా నోట్లోంచి ఎప్పుడు రాలిందో,
ఏ పన్నుతో పాటు.

గురక ఉన్నట్టుండి ఆగుతుంది.
ఆగినప్పుడల్లా, ఇన్నేళ్ల తర్వాత కూడా,
తర్వాతిది వస్తుందా అని నా ఊపిరి కూడా ఆగుతుంది.
వస్తుంది.
ఆవిడ ఇల్లమ్మేసి ఆర్‌బ్రోత్ వెళ్లిందని విన్నాను.
ఇప్పుడు ఏ గోడ వింటోందో.

ఫెబ్రవరి తొమ్మిది, రాత్రి రెండూ పది.
ఆ గోడకి ఇవతల, రెండు రగ్గుల కింద,
నేను ఈ దేశంలోనే ఉన్నాను.
ఇంతకంటే గట్టి రుజువు ఏ గ్యాసు కంపెనీ ఇస్తుంది?
ఫారమంతా వెతికాను.
చప్పుడు జతచేసే గడి లేదు.

రేపు ఫెర్గస్ కేబుల్ తిరిగిచ్చేయాలి.
ఇక కట్టేద్దామని చూస్తే
ఆపే గుర్తు ఆ నల్ల మూలలోనే ఉంది.
వెతకలేదు.
ముప్పై ఒకటో నిమిషం నడుస్తోంది,
నడవనీ.