మొదటి మాట

సంభాషణ మొదలవ్వాలంటే
ముందు ఒక అభ్యర్థన పంపాలి.
అందులో పేరుండాలి, ఏ క్యూలో నిలబడాలో ఉండాలి.
మొదటి మాట మాత్రం
ఇవ్వచ్చు, మానచ్చు.

పర్లాకిమిడిలో, కొమ్ముతో కొంగలు చెక్కే వీధిలో
మేడమీద గది నాది.
కింద ఆకురాయి గరగరలు.
గేదెకొమ్ము పొడి వాసన కిటికీలోంచి వచ్చి
కీబోర్డు మీద కూర్చుంటుంది.

ఒక పంపుల కంపెనీ కోసం
రోజుకు నలభైమంది కస్టమర్లను పుట్టిస్తాను.
ఒకడు టెస్ట్ ఒకటి, ఇంకొకడు టెస్ట్ పదిహేడు.
ఊరుండదు వాళ్లకి, నుయ్యి ఉండదు.
టోకెన్ వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది,
లోపల ఎవరూ ఉండరు.
పాస్. తర్వాతివాడు.

ఆ రాత్రి ఎందుకో మొదటి మాట గడి
ఖాళీగా వదలబుద్ధి కాలేదు.
పొద్దున మెట్లమీద బిసోయి గారి భార్య అన్నదే
టైపు చేశాను:
"మోటారు తిరుగుతంది బాబూ, నీరే ఎక్కట్నేదు."

క్యూ నంబరులో ఒక్క అంకె తప్పు.
అది ఉత్తుత్తి క్యూ కాదు.

మూడు చుక్కలు కదిలాయి.
"నమస్కారం టెస్ట్ పద్దెనిమిది గారూ, నా పేరు హరప్రియ.
శబ్దం ఎలా వస్తోందండీ?"
కాస్త ఆగి, మళ్లీ:
"ఎక్కట్నేదు అన్నారు. మీది కిమిడి వైపా?
మాది గుణుపురం."

తప్పయిందని రాసి ముగించెయ్యచ్చు.
వేలు అక్కడిదాకా వెళ్లింది కూడా.
కానీ అవతల ఒక మనిషి
నా శబ్దం కోసం చెవొగ్గి ఉంది.

ఫోను పట్టుకుని మెట్లు దిగాను.
పదిన్నర. తలుపు తట్టాను.
ఆవిడ జుట్టు ముడేసుకుంటూ వచ్చి
ఏటి బాబూ ఈ యేళప్పుడు, అంది.
స్విచ్ వెయ్యమన్నాను.
నూతి గట్టున వంగి విని, టైపు చేశాను:
ఉత్త గాలి మింగుతున్నట్టుంది.

"పైపులో నీరు జారిపోయిందండీ.
పైన బిరడా విప్పి రెండు చెంబులు పొయ్యండి.
కొంచెం పోస్తేగానీ తోడదు."

పోశాం.
మోటారు దగ్గింది, ఎర్రనీళ్లు కక్కింది,
తర్వాత తెల్లగా, లావుగా,
ఆవిడ చీర కుచ్చిళ్లు తడిసేదాకా.

"ఇంకేమైనా సహాయం కావాలా?"
ఆ వాక్యం నేను పెట్టిందే, మార్చిలో.
వద్దండీ, అన్నాను.
అటునుంచి గది మూసుకుంది.

మర్నాడు అంకె సరిచేశాను.
పట్టికలో పద్దెనిమిదో గడి ఇంకా ఖాళీ:
పాస్ అనాలో
ఫెయిల్ అనాలో.