అర శ్రుతి కిందికి

హార్మోనియం పెట్టెను టవల్ల చుట్టుకొని
ఇన్నాసి నా దుకాణం మెట్టెక్కిండు.
"మామా, దీన్ని అర శ్రుతి దించాలె" అన్నడు.
దించిన. నాలుగు వందలిచ్చి పోయిండు.

ఇంతే సంగతి. కానీ
ఆయన పాడే పాటలకొక కాయిదా ఉన్నదట:
మొదటి ముక్క మళ్ళా వచ్చినప్పుడు
పాడినట్టే పాడొద్దు.
గొంతు ఎక్కడ మలగాల్నో, ఎక్కడ వణకాల్నో
పుస్తకంల రాసి ఉండదు.
మూడు వందల ఏండ్ల కింద రాసినోళ్ళు
పాడెటోన్ని నమ్మి ఖాళీ ఇడిసిండ్రట.
నేను నవ్విన.
మా దిక్కు అసలు రాసిందెవడు, ఇడిసిందెవడు!

నల్లగొండ గడియారం సెంటర్ల నా దుకాణం.
భజన మండలి పెట్టెలు, చర్చి పెట్టెలు,
తిత్తి చినిగిన ప్రతిదీ నా బల్ల మీదికే.
నలభై ఏండ్ల సంది అందరిదీ ఒక్కటే మాట:
"శ్రుతి పెంచు, మైకుల గట్టిగ ఇనబడాలె."
దించుమన్నోడు వీడొక్కడే.

ఎందుకురా అంటే
అప్పటి శ్రుతి కిందికుండెనట.
అప్పటి తీగెలు ఇనుపవి గావు, గొర్రె పేగులట.
పక్క మటన్ కొట్టు యాదగిరి కత్తి ఆపి
"ఆదివారం ఆదివారం బోటి కూర తింటిమి గదరా,
పాట తింటున్నమని ఎరుక లేకపాయె" అన్నడు.

ఇన్నాసిది ఆడగొంతు.
అట్లంటే కోపం రాదు, దిద్దుతడు:
"మగగొంతే మామా, పై అంతస్తుల కాపురం."
వాళ్ళ తాత నకిరేకల్ దిక్కు యక్షగానంల
రాణి వేషం కట్టెటోడు.
రాత్రి దండం పెట్టినోళ్ళే
పొద్దున నాగలి పట్టినంక ఎక్కిరిచ్చెటోళ్ళు.
మనుమనికి రాత్రి దండం గూడ లేదు.

ఏడాదికి మూడు పిలుపులు.
ఒకటి గోవాల, ఒకటి పుదుచ్చేరిల,
మూడోది వచ్చిన ఏడు వస్తది.
రైలు కిరాయి వాళ్ళది, జలుబు చేస్తే నష్టం ఈయనది.
మిగిలిన నెలలు మిషన్ బడిల సోషల్ చెప్తడు,
ఐసు నీళ్ళు తాగడు,
దావత్ల మిరపకాయ బజ్జీ దిక్కు చూసి చూడనట్టుంటడు.
ఒకపారి జర్మనీకి పిలిచిండ్రు.
వృత్తి అన్న గడిల "పాత పాటలు పాడుట" అని రాస్తే
వీసా కాడి మేడమ్ అడిగిందట,
రేడియోలనా?

హార్మోనియం రీడు ఇత్తడి నాలుక.
కొసకు గీకితే స్వరం పైకి పోతది,
మొదట్ల గీకితే కిందికి దిగుతది.
కొస గీకుడు నా చేతికి అలవాటే.
మొదలంటేనే భయం,
ఒక్క పిసరు ఎక్కువైనా నాలుక ఇరుగుతది.

ఇగ మొదటి ముక్క మళ్ళా.

హార్మోనియం పెట్టెను టవల్ల,
టవల్ గాదు, వాళ్ళ తాత వేషం చీరె కొంగది, చుట్టుకొని
ఇన్నాసి వచ్చిండు. మెట్టు ఎక్కలె.
చెప్పులకు బురద ఉన్నదని వానల్నే నిలబడ్డడు.
"మామా, దీన్ని అర శ్రుతి దించాలె" అన్నడు.
గోవావాళ్ళు ఈ ఏడు వేరే పిల్లగాన్ని పెట్టుకున్నరని
ఆనాడు చెప్పలె.
దించిన. ముప్పై ఏడు రీడులు, మూడు రాత్రులు.
ఒకటి ఇరిగింది. నా పాత పెట్టెలది తీసి ఏసిన,
నేనూ చెప్పలె.

తీసుకపోను వచ్చిననాడు, శ్రుతి చూద్దామని
ఒక స్వరం పట్టిండు, సన్నగ,
దూది మీద నడిచినట్టు.
ఆటోలు ఆగలె. అవెందుకాగుతై.
యాదగిరి మాత్రం తూకం రాళ్ళు పట్టుకొని
ఎంత తూచిండో మరిచి మళ్ళా తూచిండు.
నేను ఏసిన రీడు కాడ
ఇన్నాసి ఒక్క గడియ ఆగి, నా దిక్కు చూసి,
ఆ స్వరాన్నే ఇంకొంచెం సేపు పట్టుకున్నడు.

నాలుగు వందలిచ్చిండు.
పోలె.
వాన తగ్గేదాక మెట్టు మీద కూసున్నడు.